బావి మనది, ధర ఎవరిది?

"చేత వెన్న పెట్టుకుని నేతికి ఊరంతా తిరిగినట్టు" అనే సామెత మా అన్నయ్య నాలుక చివర ఉంటుంది. సొంత నేల కింద చమురు ఉండి కూడా పరాయి దేశాల దగ్గర కొనుక్కునే ప్రభుత్వం ఏది కనబడినా ఆ సామెత విసరకుండా ఊరుకోడు. విసిరే హక్కు ఆయనకు ఉంది. ఇరవై రెండేళ్లు సముద్రం మీద రిగ్గుల్లో పనిచేశాడు. నేను పుస్తకాల మనిషిని. సౌర ఫలకాలు, గాలిమరలు, బ్యాటరీలు అంటూ చదివినదంతా ఆయన ముందు ఒలకబోసేవాణ్ణి. ఆయన తవ్వాలనేవాడు, నేను ఇక తవ్వకూడదనేవాణ్ణి. ఎవరి మాటకు వారే ముచ్చటపడి లేచిపోయేవాళ్లం.

ఒక రోజు ఆయన విసుగెత్తి ఇలా అన్నాడు: "తమ్ముడూ, నువ్వు కరెంటు గురించి మాట్లాడుతున్నావు, నేను చమురు గురించి మాట్లాడుతున్నాను. ప్యానెల్ పెడితే లారీ కదులుతుందా? బావి తవ్వితే బల్బు వెలుగుతుందా? ఇన్నాళ్లూ మనం రెండు వేర్వేరు పోట్లాటలు పోట్లాడుతున్నాం."

నాకు కోపం వచ్చింది, ఎందుకంటే ఆ మాట నిజం. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే విద్యుత్తులో చమురు వాటా 3 శాతం దాటదు. కరెంటు బొగ్గు, సహజ వాయువు, జలాశయాలు, అణువు, గాలి, ఎండ నుంచి వస్తోంది. చమురు ప్రధానంగా బండ్లు, లారీలు, ఓడలు, విమానాల కడుపుల్లోకి పోతోంది. మిగిలినది ప్లాస్టిక్కు, తారు, రసాయనాలు. కాబట్టి ఒక గాలిమర నిలబెట్టినంత మాత్రాన ఒక్క పీపా చమురు కూడా మిగలదు. ఒక కొత్త బావి తవ్వినంత మాత్రాన ఒక్క బొగ్గు కేంద్రం కూడా మూతపడదు. అయినా ఎన్నికల వేదికల మీద, టీవీ చర్చల్లో ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి, నువ్వు ఎటు వైపు అని అడుగుతూనే ఉంటారు.

ఈ ముడి ఎప్పుడు పడిందో కొంచెం వెనక్కి వెళితే తెలుస్తుంది. 1973లో ప్రపంచ విద్యుత్తులో పావు వంతు చమురు నుంచే వచ్చేది. ఆ ఏడాది అక్టోబరులో అరబ్బు దేశాలు ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టాయి. పీపా 3 డాలర్ల దగ్గర ఉన్న ధర కొద్ది నెలల్లో 12 డాలర్ల దాకా ఎగబాకింది. అప్పుడు కరెంటు కొరత, పెట్రోలు కొరత నిజంగానే కవల పిల్లలు. సొంత చమురు తవ్వుదామా, సూర్యుణ్ణి నమ్ముకుందామా అన్న ప్రశ్నకు ఆనాడు అర్థం ఉంది. ఆ తరువాత విద్యుత్ కేంద్రాలు చమురును వదిలేశాయి, ప్రశ్న మాత్రం మనల్ని వదలలేదు.

అన్నయ్య సామెత దగ్గరికే వస్తాను. ఆయన వాదనకు ప్రాణం "మనది" అన్న మాటలో ఉంది. మన బావి, మన చమురు, అందుకే మన ధర. మొదటి రెండూ ఒప్పుకుంటాను. మూడోది ఒప్పుకోను. నేను ఈ వ్యాసం రాస్తున్నదే దాని కోసం.

2018లో అమెరికా ప్రపంచంలోనే అతిపెద్ద ముడి చమురు ఉత్పత్తిదారు అయింది. 2023లో రోజుకు సగటున సుమారు 1.29 కోట్ల పీపాలు తీసింది. అప్పటిదాకా చరిత్రలో ఏ దేశమూ అంత తీయలేదు. తవ్వితే ధర మన గుప్పిట్లోకి వస్తుందన్న మాట నిజమైతే, అది ముందుగా ఆ దేశంలో నిజం కావాలి. 2022లో రష్యా యుద్ధం మొదలైన కొద్ది రోజులకు అంతర్జాతీయ ధర 130 డాలర్లు దాటింది. ఆ జూన్‌లో అమెరికాలో గ్యాలన్ (సుమారు 3.8 లీటర్ల) పెట్రోలు సగటు ధర చరిత్రలో మొదటిసారి 5 డాలర్లు దాటింది. యుద్ధం ఎక్కడో నల్ల సముద్రం పక్కన. బావులు టెక్సాస్‌లో. ఆ బావుల యజమానికి తన పీపాను పక్క ఊరి రిఫైనరీకి అమ్మినా, ఓడ ఎక్కించినా ఒకే ధర వస్తుంది. తక్కువకు అమ్మడానికి అతనికి ఏ కారణమూ లేదు. దేశభక్తి ఉండవచ్చు గానీ వాటాదారులు కూడా ఉన్నారు.

ఎగుమతి ఆపేస్తే సరి, అని ఇక్కడ ఎవరో ఒకరు అంటారు. అదీ చేసి చూశారు. 1975లో తెచ్చిన చట్టంతో అమెరికా ముడి చమురు ఎగుమతిని దాదాపుగా నిషేధించింది, 2015 డిసెంబరు దాకా ఆ నిషేధం ఉంది. ముడి చమురు గడప దాటకపోయినా శుద్ధి చేసిన పెట్రోలు, డీజిలు దాటేవి. బంకులో ధర ప్రపంచ ధర వెంటే నడిచింది. పైగా పీపాలన్నీ ఒకటే కావు. షేల్ రాళ్లను పగలగొట్టి తీసే చమురు పలుచన. గల్ఫ్ తీరంలోని రిఫైనరీల్లో చాలా వాటిని కెనడా, వెనెజులా లాంటి చోట్ల దొరికే చిక్కటి చమురు కోసం కోట్లు పోసి కట్టారు. అందుకే ప్రపంచంలో అందరికంటే ఎక్కువ చమురు తీసే దేశం ఇప్పటికీ రోజుకు 60 లక్షల పీపాలకు పైగా ముడి చమురు దిగుమతి చేసుకుంటుంది. ఇది చెబితే అన్నయ్య నవ్వి, "వెన్న మనదే, కవ్వం పరాయిది" అన్నాడు. ఆ మాటకు మాత్రం ఆయనకే మార్కులు.

బ్రిటన్ కథ ఇంకా ముచ్చటైనది. ఉత్తర సముద్రంలో ఆ దేశపు ఉత్పత్తి 1999లో శిఖరానికి చేరింది. అప్పటికి అది చమురు ఎగుమతి చేసే దేశం. సరిగ్గా మరుసటి ఏడాది, 2000 సెప్టెంబరులో, ఇంధన ధరలు భరించలేక లారీ డ్రైవర్లు, రైతులు రిఫైనరీల గేట్లకు అడ్డంగా నిలబడ్డారు. కొద్ది రోజుల్లో బంకులు ఎండిపోయాయి. పెట్రోలు ధరలో ఎక్కువ భాగం పన్నే కాబట్టి కోపం పన్ను మీద తిరిగింది, కానీ నిప్పు రాజేసింది అంతర్జాతీయ ధర పెరుగుదల. సముద్రం నిండా చమురు, బంకు ముందు ఖాళీ డబ్బా!

అయితే తవ్వడం దండగేనా? ఇక్కడే నా పాత పక్షంతో నాకు తగువు. దండగ కానే కాదు. సొంత చమురు ఉన్న దేశానికి దిగుమతి బిల్లు తగ్గుతుంది, విదేశీ మారకం మిగులుతుంది, పన్ను వస్తుంది, వేలమందికి మంచి జీతాల పని దొరుకుతుంది. సముద్ర మార్గాలు మూసుకుపోయే నిజమైన యుద్ధం వస్తే సొంత బావి ప్రాణం నిలబెడుతుంది. ఇవన్నీ చిన్న విషయాలని చెప్పేవాడు ఎప్పుడూ జీతం కోసం ఎదురుచూడనివాడు అయి ఉండాలి. నా గొడవ ఒక్కటే. ఇది ఆస్తి. ఆస్తిని ఆస్తిలా చూడాలి, ధరల నుంచి కాపాడే కవచం అని అమ్మకూడదు.

ఆస్తిలా చూసిన దేశం నార్వే. 1969 చివర్లో ఎకోఫిస్క్ క్షేత్రంతో వాళ్ల అదృష్టం మొదలైంది. చమురు లాభాల మీద 78 శాతం పన్ను వేశారు. 1990లో చట్టం చేసి నిధి పెట్టారు, 1996లో మొదటిసారి అందులో డబ్బు వేశారు. ఆ నిధిని దేశం బయటే మదుపు చేస్తారు, దాని మీద వచ్చే రాబడి అంచనా మేరకే ఏటా వాడుకుంటారు. ఇవాళ ప్రపంచంలోని ప్రభుత్వ నిధుల్లో అతిపెద్దది అదే. ఇక వాళ్ల రోడ్ల మీద చూడండి: 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది విద్యుత్ కార్లు. కరెంటు ఎక్కువగా జలపాతాల నుంచి. అంటే చమురు అమ్ముకుని, తాము మాత్రం దాని అవసరం తగ్గించుకుంటూ పోయారు. దీన్ని ద్వంద్వ నీతి అనేవారున్నారు. ఆ పొగ ఎవరి దేశంలో లేచినా ఆకాశం ఒకటే కాబట్టి ఆ నిందలో నిజం ఉంది. కానీ చమురు ధర పెరిగితే ఖజానా నిండుతుంది, పౌరుడి జేబు పెద్దగా చిరగదు. "మన చమురు" అన్న మాటకు నేను చూసినంతలో దగ్గరగా వచ్చిన అర్థం ఇదే.

ఇక సమయం సంగతి. ధర పెరిగినప్పుడల్లా "తవ్వండి" అనే నినాదం మొలుస్తుంది. ఇవాళ పెట్టిన సంతకం రేపటి పెట్రోలు కాదు. కజకిస్తాన్ దగ్గర కాస్పియన్ సముద్రంలో కషగాన్ క్షేత్రం 2000లో బయటపడింది. మొదటి చమురు 2013 సెప్టెంబరులో వచ్చింది. వచ్చిన కొద్ది వారాల్లోనే గొట్టాలు చీలి ఆగిపోయింది. మళ్లీ మొదలయ్యేసరికి 2016. ఆ పదహారేళ్లలో చమురు ధర 150 డాలర్ల దరిదాపులకు ఎక్కి, 30 డాలర్ల కిందకు దిగింది. షేల్ బావి అలా కాదు, నెలల్లో పని మొదలుపెడుతుంది. కానీ మొదటి ఏడాదిలోనే దాని దిగుబడి సగానికి పైగా పడిపోతుంది. అందుకే ఆగకుండా తవ్వుతూనే ఉండాలి. మెట్లు కిందకు దిగుతూ ఉంటే పైకి ఎక్కుతున్నట్టు, అని అన్నయ్యే చెప్పాడు.

అలాస్కాలోని ఆర్కిటిక్ వన్యప్రాణుల అభయారణ్యం కథ మా ఇద్దరికీ ఇష్టం, వేర్వేరు కారణాలతో. 1980 నుంచి అక్కడ తవ్వాలా వద్దా అని అమెరికా రెండుగా చీలి కొట్టుకుంది. చివరికి 2017లో తవ్వకాల వేలం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2021 జనవరిలో మొదటి వేలం పెడితే పెద్ద చమురు కంపెనీ ఒక్కటీ రాలేదు. 2025 జనవరిలో రెండో వేలానికి ఒక్క పాట కూడా పడలేదు. నలభై ఏళ్ల పోట్లాట తరువాత తలుపు తెరిస్తే గుమ్మం దగ్గర ఎవరూ లేరు. నేను దీన్ని నా గెలుపుగా చెప్పుకుంటాను. అన్నయ్య అనేది వేరు: కోర్టులు, మారే ప్రభుత్వాలు, మంచు, రోడ్లు లేకపోవడం, ఇంత అనిశ్చితిలో డబ్బు పెట్టే మూర్ఖుడెవడు అని. బహుశా ఇద్దరమూ ఒకే మాట అంటున్నాం.

ఏప్రిల్ 20 అనే తేదీ ఈ వ్యాపారానికి అచ్చిరాలేదు. 2010లో అదే రోజు మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలింది. 11 మంది చనిపోయారు, బావి 87 రోజులు ఆగకుండా కక్కింది. ఆ రోజుల్లో అన్నయ్య ఫోను ఎత్తేవాడు కాదు. సరిగ్గా పదేళ్ల తరువాత, 2020 ఏప్రిల్ 20న, అమెరికా ముడి చమురు వాయిదా ధర (రాబోయే నెలలో అందించే సరుకుకు ముందే కుదుర్చుకునే ధర) సున్నా దాటి కిందకు పోయి మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. కరోనాతో బండ్లు ఆగిపోయి, నిల్వ చేయడానికి ట్యాంకుల్లో చోటు లేక, తీసుకెళ్లినవాడికే ఎదురు డబ్బిచ్చే రోజు వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి అదే పీపాకు 100 డాలర్లు పైబడింది. ఇలాంటి సరుకు మీద ఒక కుటుంబం తన నెల ఖర్చు లెక్కలు ఎలా వేసుకోవాలి?

ఇప్పుడు నా పక్షం అబద్ధాలు. మా వాళ్లు కూడా "ఎండ మనది, గాలి మనది" అంటారు. ఎండ మనదే, దాన్ని పట్టే ఫలకం ఎవరిది? సౌర ఫలకాల తయారీలో ప్రతి దశలోనూ 80 శాతానికి పైగా సామర్థ్యం చైనాలో ఉంది. బ్యాటరీల కోసం తవ్వే కోబాల్టులో దాదాపు 70 శాతం ఒక్క కాంగో నుంచి వస్తోంది, అక్కడ చేతులతో తవ్వే గనుల్లో పిల్లలు కూడా ఉన్నారు. తవ్వకం చెడ్డది అని నినాదం చేసేవాడు లిథియం ఎక్కడి నుంచి వస్తుందనుకుంటాడు, చెట్టుకు కాస్తుందా? దూరపు కొండలు నునుపు.

అయినా ఈ రెండు పరాధీనతలు ఒకటి కావు. చమురు సరఫరా ఆగితే ఉన్న నిల్వలు ఎన్నాళ్లొస్తాయన్నదే ప్రశ్న. 1974లో పుట్టిన అంతర్జాతీయ ఇంధన సంస్థ సభ్య దేశాల మధ్య కుదిరిన ఒప్పందాల్లో ముఖ్యమైనది 90 రోజుల దిగుమతులకు సరిపడా నిల్వ ఉంచుకోవడం. తొంభై రోజులు, అంతే. ఫలకాల సరఫరా ఆగితే కొత్తవి పెట్టలేం. పెట్టిన ఫలకం మాత్రం పాతికేళ్లు తన పని తాను చేసుకుపోతుంది. ఒకటి రోజూ కొనాల్సిన గడ్డి, మరొకటి ఒకసారి కొన్న ఎద్దు. ఎద్దును అమ్మినవాడు రేపు మనతో మాట్లాడకపోయినా దుక్కి ఆగదు.

ఎద్దుకు జబ్బు చేయదా అంటే, చేస్తుంది. సూర్యుడు సాయంత్రం వెళ్లిపోతాడు, సరిగ్గా దీపాలు వెలిగే వేళకు. చలికాలంలో మబ్బు పట్టి గాలి కూడా ఆగిపోయే వారాలకు జర్మన్లు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు, డుంకెల్‌ఫ్లౌటె అని. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టి కరెంటు పోయి 200 మందికి పైగా చనిపోయారు. మంచు కరగకముందే ఒక వర్గం గాలిమరల మీద నేరం మోపింది. గాలిమరలు కొన్ని గడ్డకట్టిన మాట నిజం, కానీ అన్నిటికంటే ఎక్కువగా చేతులెత్తేసింది సహజ వాయువు వ్యవస్థ: గొట్టాలు, బావులు, కేంద్రాలు. చమురులోను, గాలి విద్యుత్తులోను అమెరికా రాష్ట్రాలన్నిటికంటే ముందున్నది ఆ టెక్సాసే అన్న సంగతి ఆ గోలలో ఎవరికీ గుర్తు రాలేదు. అక్కడి పొలాల్లో ఒకే రైతు ఒక మూల బావికి, మరో మూల గాలిమరకు కౌలు డబ్బు తీసుకుంటాడు. వాళ్ల నాయకుల కంటే అతనికి స్పష్టత ఎక్కువ.

మరి అన్నయ్య అడిగిన ప్రశ్నకు, ప్యానెల్ పెడితే లారీ కదులుతుందా అన్నదానికి, జవాబేమిటి? ఆయన అడిగిన రోజున జవాబు "లేదు". ఇవాళ "కొంచెం". మధ్యలో బ్యాటరీ వచ్చింది. 2010తో పోలిస్తే దాని ధర దాదాపు 90 శాతం పడిపోయింది. పెట్రోలు ఇంజనులో పోసిన శక్తిలో చక్రం దాకా వెళ్లేది పాతిక శాతం అటూ ఇటూ, మిగిలినది వేడి. విద్యుత్ మోటారులో లెక్క తిరగబడుతుంది. ఈ రెండు పోట్లాటలు కలిసే చోటు బండి చక్రమే. 2024 నాటికి విద్యుత్ వాహనాల వల్ల రోజుకు 10 లక్షల పీపాలకు పైగా చమురు వాడకం తప్పింది. రోజుకు 10 కోట్ల పీపాలకు పైగా తాగే ప్రపంచంలో అది ఒక్క గుక్క. ఓడలు, విమానాలు, దూరాలు పోయే లారీలు ఇంకా ఆ గుక్క దాకా కూడా రాలేదు. అయినా ఒకటి గమనించండి: ఎన్ని బావులు తవ్వినా జరగనిది ఇక్కడ జరుగుతోంది. కరెంటుతో నడిచే బండికి చమురు ధర ఎంతైనా ఒకటే.

ఈ మొత్తం వాదనను ఒకే దేశంలో చూడాలంటే డెన్మార్క్ చూడాలి. 1973లో ఆ దేశపు శక్తిలో 90 శాతం దాకా దిగుమతి చమురే. ఆ నవంబరులో ఆదివారాలు కార్లు రోడ్డెక్కకూడదని నిషేధించారు. వాళ్లు ఏం చేశారు? రెండూ చేశారు. ఉత్తర సముద్రంలో తమ వాటా చమురు, వాయువు తవ్వుకున్నారు. ఇంకోవైపు త్విండ్ అనే చోట ఒక పాఠశాల ఉపాధ్యాయులు, వాలంటీర్లు కలిసి 1978లో అప్పటికి ప్రపంచంలోనే పెద్దదైన గాలిమరను సొంతంగా కట్టారు. అది ఇప్పటికీ తిరుగుతోంది. 1986లో చమురు ధర కుప్పకూలితే, హమ్మయ్య అని వాడకం పెంచుకోలేదు, పన్నులు పెంచి పొదుపు అలవాటును కాపాడుకున్నారు. నా దృష్టిలో ఆ దేశం చేసిన అతి కష్టమైన పని అదే, ఏ నాయకుడికీ ఓట్లు తెచ్చిపెట్టని పని. 1991లో విండెబీ దగ్గర సముద్రంలో 11 గాలిమరలు నిలిపారు, అన్నీ కలిపి 5 మెగావాట్లు; ప్రపంచంలో సముద్రపు గాలిక్షేత్రాల్లో మొదటిది అదే. నార్వే జలాశయాల కరెంటు తెచ్చుకోవడానికి సముద్రం అడుగున 1976-77లోనే వేసిన కేబుళ్లు గాలి ఆగినప్పుడు అక్కరకు వచ్చాయి. 1997కల్లా శక్తిలో స్వయం సమృద్ధి సాధించారు. ఇప్పుడు వాళ్ల కరెంటులో సగానికి పైగా గాలిది. 2020 డిసెంబరులో, అప్పటికి యూరోపియన్ యూనియన్‌లో అందరికంటే ఎక్కువ చమురు తీసే దేశంగా ఉండి, ఇక కొత్త లైసెన్సులు ఇవ్వబోమని, 2050కి తవ్వకం ఆపేస్తామని ప్రకటించారు.

వాళ్ల ప్రభుత్వ చమురు, వాయు కంపెనీ పేరు డాంగ్. 2017లో అది చమురు వ్యాపారం మొత్తం అమ్మేసి, విద్యుత్తుకు, అయస్కాంతానికి ఉన్న చుట్టరికాన్ని 1820లో కనిపెట్టిన శాస్త్రవేత్త పేరు పెట్టుకుని, ఓర్‌స్టెడ్‌గా మారింది. సముద్రపు గాలి వ్యాపారంలో ప్రపంచంలో ముందు వరుసకు వచ్చింది. అక్కడితో కథ ముగిస్తే అందంగా ఉండేది. 2023లో వడ్డీలు, ఖర్చులు పెరిగి, న్యూజెర్సీ తీరంలో తలపెట్టిన రెండు భారీ గాలి ప్రాజెక్టులను ఆ కంపెనీ వదులుకోవాల్సి వచ్చింది. అన్నయ్య ఆ వార్తను నాకు పంపి, కింద ఒక్క మాట కూడా రాయలేదు. రాయనవసరం లేదని ఆయనకు తెలుసు.

చివరి రెండేళ్లు ఆయన పని బావులు మూయడం. పాత బావిలోకి సిమెంటు దింపి, మెట్టు మెట్టుగా బిగించి, సముద్రపు అడుగుకు కింద గొట్టం కోసేస్తారట. తెరిచిన బావుల కంటే మూసిన బావుల గురించే ఆయన ఎక్కువ శ్రద్ధగా చెబుతాడు, ఎక్కడ సిమెంటు చీలితే ఏమవుతుందో ఆయనకు తెలుసు కాబట్టి. ఈ మధ్య మళ్లీ అదే వాదన వచ్చింది. "వాడకం తగ్గేదాకా ఎవడో ఒకడు తవ్వాలి కదా. ఆ తవ్వేవాడు మనవాడైతే తప్పేమిటి?" అన్నాడు.

తప్పేమీ లేదన్నాను. వచ్చిన డబ్బు ఎక్కడ పెడతారో, ఆ బావి మూసే ఖర్చు ఎవరు కడతారో ముందే రాసిపెట్టమన్నాను.

"రెండోది ఎవరూ రాయరు" అన్నాడు అన్నయ్య, సామెతేమీ వాడకుండా.